పంది కవాటానికి తంగేడు చెక్క

గవర్నరుపేటలో తోళ్ళు పదును చేసి అమ్మే శౌరయ్యకి గుండెలో కవాటం పాడైంది. మద్రాసు వెళ్ళి పంది కవాటం వేయించుకోకపోతే బతకడం కష్టమని డాక్టరు తేల్చేశాడు. ఆ మాట ఉప్పెన వచ్చినప్పటిది, ఏడాదైంది, ఈయన మాత్రం రేపు, మాపు అంటూనే ఉన్నాడు. చివరికి బావమరిది లాజరు మెయిలుకి టికెట్లు తీసి తీసుకెళ్ళడానికొచ్చాడు. వచ్చేసరికి బావగారు తన కొట్టు ఎదురు బడ్డీ దగ్గర టీ తాగుతూ కూర్చున్నాడు.

పందిది మనిషికి పడుతుందా అని బడ్డీ హనుమయ్య అడగడమే తడవు, శౌరయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"పడకే కదయ్యా ఆ డాక్టర్లు తల పట్టుకుంది! పచ్చిది కుడితే, ఇల్లరికం అల్లుణ్ణి బావమరదులు చూసినట్టు చూస్తుంది ఒళ్ళు. నేను తోళ్ళ పని మీద మద్రాసు వెళ్ళానా, స్టేషన్లో పెద్ద డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఏం దారని అడిగాడు. పచ్చితోలు కుళ్ళుద్ది, పదును చేస్తే చెప్పై పదేళ్ళు నడుస్తది, దాన్ని కూడా తంగేడు చెక్క నీళ్ళలో ఊరెయ్యండి అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేంటి?"

"ఒళ్ళు దాన్ని గుర్తే పట్టలా. సొంతదే అనుకుంది."

ఇంతవరకూ పోనీ అనుకోవచ్చు. కవాటాన్ని తోలు పదును చేసే మందులాంటి దాన్లోనే ఉంచుతారని డాక్టరు కూడా చెప్పాడు. కానీ శౌరయ్య అక్కడ ఆగితే కదా.

పామర్రు వెంకటప్పయ్యగారికి తనే దగ్గరుండి వేయించాడట. మెట్లెక్కలేని మనిషి కాస్తా విమానంతో పందెం కట్టి, గన్నవరానికి ముందే చేరుకుని, దిగినవాళ్ళకి మంచినీళ్ళిచ్చాడట.

"అదేం గొప్ప? కరెంటు పోయినప్పుడల్లా మిల్లువాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి, గుండెకి బెల్టు తగిలించి వడ్లు ఆడించుకుంటున్నారు. మొన్న మృత్యుదూతే వచ్చి, నాడి పట్టుకుచూసి, ఇంకా కొత్తదేనని తిరిగెళ్ళి..."

ఊపిరి అందలేదు. శౌరయ్య బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. చుట్టూ చేరి నవ్వేవాళ్ళంతా ఆగిపోయారు. లాజరు వీపు రాశాడు.

"అయితే ఆ డాక్టరు నిన్ను చూడగానే కాళ్ళ మీద పడతాడు బావా. లే, రైలు టైమైంది."

"ఇవ్వాళ కాదురా. తోళ్ళకి ఉప్పు చల్లాలి."

కొట్టు మెట్ల మీద శౌరయ్య భార్య సంపూర్ణమ్మ ప్రయాణం సంచీ పట్టుకుని నిలబడి అంతా వింది.

"మీ మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్ళు గడప దాటవు. పామర్రాయనకి పడింది మీకు పడదా? చెప్పండి. పడదంటే నేనూ సంచీ విప్పేస్తాను."

పడదంటే కథంతా కోతలని ఒప్పుకోవాలి. పడుతుందంటే రైలెక్కాలి. శౌరయ్య మెల్లిగా లేచి కొట్టులోకి వెళ్ళి, దోసెడు తంగేడు చెక్క మూటకట్టి తెచ్చి సంచీలో దోపాడు.

రిక్షా ఎక్కాక శౌరయ్య లాజరు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒరే, పచ్చిది పెట్టరు కదా?"