తిట్లకు కదిలే దూలం

పంతొమ్మిది వందల ఇరవై ఆరు, వానలు మొదలవడానికి కాస్త ముందు. డుంబ్రిగుడ పక్క కొండపల్లెలో సోంబరు ఇంటి అరుగు. సాలూరులో మిషను దొరగారిని కలుసుకుని, పాచిపెంట మీదుగా పొగమంచులో కొండెక్కి, తిన్నగా ఇక్కడికే వచ్చారు ఉపదేశి సత్యానందంగారు. యేసు గుడి కట్టే పనికి ఆయనే పెద్ద. అయినా కూర్చోమని ఎవరూ అనలేదు. మర్యాద తెలియని ఈ జనం కోసం తానింత దూరం నడిచి రావడమే ఎక్కువని ఆయనకు అనిపించింది.

"కాబట్టి చెబుతున్నాను సోంబరూ, బుర్రకెక్కించుకో. వచ్చే నెల సాలూరు సభలో పనివాళ్ళను నడిపించడం ఎలాగో ఉపదేశులందరికీ నేనే చెప్పాలి. నీకు ముందుగా చెబుతున్నానంటే నీ అదృష్టం. నాయకుడంటే గొర్రెల కాపరి. తను ముందు నడుస్తాడు, మంద వెనక నడుస్తుంది."

"నడిసినారు గదా బాబూ. గుడి దూలం జారిననాడు అందరికంటే ముందు కొండ దిగింది తమరే."

"నోరు అదుపులో పెట్టుకో!"

"పెట్టుకున్నాం బాబూ. మమ్మల్ని నోరు మూసుకోమన్నాకే గదా దూలం జారింది."

"దూలం జారింది మీ తాగుడు వల్ల."

"ఏటి తాగుడు? లంద కుండలన్నీ ముందు రోజే తమరు బోర్లించేసినారు. మా ఇంటిది సోములమ్మ ఎంత ఏడిసిందో."

"నానేటి ఏడిసేది? తిట్టినాను. బాగా తిట్టినాను."

"సోములమ్మా, మగవాళ్ళం మాట్లాడుకుంటుంటే మధ్యలో నువ్వేమిటి?"

"నా అరుగు మీద నిలబడి మాటాడతన్నారు బాబూ. ఇనబడదేటి?"

"సరే, సరే. జరిగిందేదో జరిగింది. ఆదివారం దొరగారు వస్తున్నారు. వచ్చేసరికి గుడి గోడల మీద దూలం ఉండాలి. ఉంటే నన్ను పాదిరిని చేసి ఈ కొండలన్నిటికీ పెద్దగా పెడతారు. లేదంటే సాలూరు పోయి పిల్లలకి ఓనమాలు దిద్దించుకోమంటారు. నా అవస్థ అర్థమవుతోందా?"

"అవుతాంది. మీ అవస్త మీకుంది."

"అందుకే మనుషుల్ని త్వరగా కూడగట్టు."

"మడుసులకేటి, ఒస్తారు. తాడు పడతారు. పాటే గావాల."

"కీర్తన నేర్పాను కదా!"

"కీర్తన బాగుంది బాబూ. సచ్చిపోయినోడి కాడ కూకుని పాడుకోడానికి బాగుంది. సాగదీసి, సాగదీసి... ఒకడు ఊపిరి పీలిస్తే ఒకడు ఒగ్గుతాడు. ఒకడు లాగితే ఒకడు నిలబడతాడు. మరి దూలం జారదా?"

"మీ పాట మహా గొప్పదా? ఛీ! చెవులు మూసుకోవలసిన బూతు."

"బూతు కాదు, తిట్టు. దూలం ఎవులిదైతే ఆల్ని తిట్టాల. ఒక తిట్టు, ఒక నవ్వు, ఒక లాగుడు. ముఠాదారు ఇంటికి దూలం లాగినప్పుడు ఆయన మెల్లకన్ను మీద కట్టినాను. 'ఒక కన్ను కొండకేసి సూస్తాది, ఐసా! ఒక కన్ను పక్కోడి కల్లుకుండ సూస్తాది, ఐసా!' ఏటి నవ్వినారు బాబూ జనం! దూలం మేకపిల్లలాగ ఎక్కేసింది."

"అంత పెద్ద మనిషి ఊరుకున్నాడా?"

"ఊరుకోడమేటి, అందరికంటే ఆయనే నవ్వినాడు. కొస తాడు పట్టుకుని నవ్వినాడు. తిట్టించుకున్నోడే కొస తాడు పట్టాల, అది మా పద్దతి. దూలం ఎనక్కి జారకుండా ఆపేది ఆ తాడే."

"తెలుసులే. తిట్లు మాన్పించినా తాడు నాకే ఇచ్చారుగా."

"ఇచ్చినాం. ఒగ్గేసినారు."

"వదల్లేదు! అరచెయ్యి కోసుకుపోయింది. తాడు దానంతట అదే జారింది."

"ఏదీ, సెయ్యి సూపించండి."

"ఇప్పుడెందుకు... మానిపోయింది."

"బేగి మానిపోయింది."

"నీతో వాదన నాకనవసరం."

"మరి దొరగోరికి ఏటి సెప్పినారు బాబూ?"

"జరిగింది చెప్పాను."

"ఏటి జరిగిందని?"

"దూలం జారిందని."

"తాడు ఎవులు ఒగ్గేసినారని?"

"ఆ వివరాలు ఆయన అడగలేదు."

"దెబ్బ ఎవులికి తగిలిందని అడిగినారా?"

"అడిగారు. ఒక కూలివాడికని చెప్పాను."

"ఆ కూలోడికి పేరుంది బాబూ. భీముడు. నా తమ్ముడు. మీరు ఒగ్గేసిన తాడు పట్టుకోబోతే దూలం ఆడి కాలు మీద పడింది."

"తెలుసు సోములమ్మా, తెలుసు. వాడి కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ముందు దూలం సంగతి తేలనివ్వు."

"తేలనీ, తేలనీ. దూలం తేలాక మడుసులు."

"నువ్వాగే. బాబూ, దూలం సంగతే మాటాడుకుందాం. ఇంతకీ అది ఎవులిది?"

"ప్రభువుది. ఆయన ఇల్లు, ఆయన దూలం. అందులో నాదేముంది?"

"అయితే యేసయ్యనే తిడతాం."

"ఏమన్నావ్?"

"తమరే సెప్పినారు గదా, మొకాన ఉమ్మేసినా ఓర్సుకున్నాడని. అంతటోడికి మా తిట్టు ఒక లెక్కా?"

"పాపిష్టి మాటలు! ఆపు! దొరగారి చెవిన పడితే నా పని అయిపోతుంది."

"దొరగోరు ఇంటేనా బయం? దేముడు ఇంటే పరవాలేదేటి?"

"దూలం... సంఘానిది అనుకో."

"సంగమంటే మేవే గదా."

"పోనీ, డబ్బిచ్చింది దొరగారు కాబట్టి..."

"దొరగోర్ని తిట్టమంటారా?"

"వద్దు, వద్దు! నా కొంప ముంచకు."

"మరెవులిది బాబూ?"

సత్యానందంగారు గొంతు సవరించుకున్నారు. అడ్డపంచె కట్టుకున్న ఈ అడవిమనిషికి తాను జవాబు చెప్పుకోవలసి రావడం కన్నా పెద్ద శిక్ష ఆయనకు తోచలేదు.

"నాది. సరేనా? దూలం నాది."

"గట్టిగా సెప్పండి, మా ఇంటిదానికి ఇనబడలేదు."

"నాదేనయ్యా బాబూ! ఏమని తిడతారేమిటి?"

"బొజ్జ ఉంది గదా."

"బొజ్జ పరవాలేదు. అమ్మని ఎత్తొద్దు."

"ఎత్తం."

"కులం ఎత్తొద్దు."

"యేసయ్యలో కలిసినాక మీకు కులం లేదన్నారు గదా?"

"లేదు. అయినా ఎత్తొద్దు."

"మరి పరుగు?"

"పరుగేమిటి?"

"'తాడొగ్గేసి దౌడు తీసినాడు, ఐసా! సెప్పులొగ్గేసి వాగు దాటినాడు, ఐసా!' మంచి ఊపుంటాది బాబూ."

"అది... అది... సరే. దొరగారు రాకముందు పాడుకోండి. చూశావా, ఎంత ఓర్చుకుంటున్నానో? నాయకుడనేవాడు తనను తాను తగ్గించుకోవాలి. సాలూరు సభలో ఇదే చెబుతాను. కొండవాళ్ళ చేత మాటలు పడి, అవమానం మింగి, దేవుని పని సాధించిన తీరు! దొరగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నిన్ను కూడా తీసుకెళ్ళి అందరికీ చూపిస్తాను సోంబరూ."

"నన్ను సూపించి ఏటి సేత్తారు?"

"అదంతా నీకు తెలియదులే. పిలువు మనుషుల్ని. మంచు విడవగానే ఎక్కించేద్దాం."

"ఏటి ఎక్కించేది?"

"దూలం!"

"దూలమా? అది నిన్ననే ఎక్కిపోయింది బాబూ. గోడల మీదే ఉంది. మంచు ఇడిస్తే ఇక్కణ్ణించే అగుపిస్తాది."

"ఎక్కి... ఎక్కించేశారా? నేను లేకుండానా? మరి ఇంతసేపూ నన్నెందుకు నిలబెట్టి ఆడించావురా?"

"నానే సెప్పొద్దన్నాను. మా ఆయన్ని అనకండి. నా తమ్ముడు ఎలగున్నాడో ఒక్కసారైనా అడుగుతారేమో, అడిగాక సెబుదామని సూసినాను. మీరు అడగలేదు."

"అడుగుదామనే అనుకున్నాను సోములమ్మా! ఇంతలో నువ్వే... సరే, ఎక్కిందిగా. ప్రభువుకు స్తోత్రం. దొరగారికి ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను. అది సరే గానీ, కొస తాడు ఎవరు పట్టారు?"

"భీముడే పట్టినాడు బాబూ."

"కాలు విరిగినవాడు తాడు పట్టడమేమిటి?"

"కాలికి ఎదురుబద్దలు కట్టినాం. మంచంతో మోసుకెల్లి, కొండ మీద మానుకాడ దించినాం. తాడు మానుకి సుట్టి, కొస ఆడి సేతికిచ్చినాం. సేతులు బాగానే ఉన్నాయి గదా."

"మరి ఎవర్ని తిట్టారు?"

"ఆడినే. 'ఈ దూలం నా కాలు తినేసింది, ఇంక ఇది నాదే, నన్నే తిట్టండిరా' అన్నాడు. ఆడి కుంటి కాలు మీద పాట కట్టినాను. నవ్వి నవ్వి మంచం మీంచి పడిపోబోయినాడు. దూలం కొండ మీదికొచ్చేదాకా తాడు మాత్రం ఒగ్గలేదు."

"అన్యాయం! వాడెవడు? రోజుకూలీకి వచ్చినవాడు! ఈ పనికి పెద్దను నేను. అడవిలో మాను చూపించింది నేను, దొరగారిని ఒప్పించింది నేను. దూలం నాదేనని ఇప్పుడే ఒప్పుకున్నాను కూడా. మీ పద్ధతి ప్రకారమే చూసినా, తిడితే నన్ను తిట్టాలి గానీ వాణ్ణి తిట్టడమేమిటి?"

"ముందు మీ పేరే ఎత్తినాను బాబూ. బొజ్జ మీద ఎత్తినాను, పరుగు మీద ఎత్తినాను. ఒక్కడూ నవ్వలేదు. దూలం కదల్లేదు."