తాతయ్య ఇచ్చిన తాళం

తాతగారి పాత కారు షెడ్డు ముందుకొచ్చి ఆగింది. స్టీరింగు ముందు కూతుర్ని చూసి తండ్రి పరుగున ఎదురొచ్చాడు.

“తాళం ఎవరిచ్చారే?”

“తాతయ్య. రేపట్నుంచి ఆఫీసుకి ఇందులోనే వెళ్లమన్నాడు.”

“రోజూనా! వానొచ్చినా?”

“కారున్నది తిరగడానికే కదా. నువ్వెన్నిసార్లు నడిపావు నాన్నా?”

“నా పెళ్లికి ముందు నుంచీ కడుగుతున్నాను.”

“నడిపావా అని అడుగుతున్నా.”

“కడుగుతున్నానని చెప్పాగా!”

“సరే, కోప్పడకు. ఇందాక గేటుకి రాసుకుని తలుపు మీద గీత పడింది.”

ఆయన వంగి చూశాడు.

“అయిపోయింది. మీ తాత ఇల్లు పీకి పందిరేస్తాడు.”

“చూశాడు. బండన్నాక గీతలు పడవా అని నవ్వాడు.”

“నవ్వాడా?”

“ఆఁ, ఏం?”

“చిన్నప్పుడు నా సైకిలు దీనికి ఆనిందని వారం రోజులు నాతో మాట్లాడలేదే!”

“ఇప్పుడు మారాడేమో నాన్నా.”

“మారాడులే, నీ దగ్గర.”

కన్నకూతురి మీద అసూయేమిటని ఆయనకే సిగ్గేసింది. అయినా కడుపుమంట చల్లారలేదు.

“నడుపుతుంటే ఎలా ఉంటుందే?”

“అబ్బ, ఏం చెప్పను! గాల్లో తేలుతూ...”

“వద్దు, చెప్పకు. అటు జరుగు.”

“తాతయ్యని అడగవా?”

“నువ్వడిగావా?”

“లేదు. ఆయనే పిలిచి ఇచ్చాడు.”

ఆ మాటతో ఆయన తలుపు లాగి తీశాడు.

“జరగమన్నానా! నిన్ను ఆఫీసు దగ్గర నేను దింపుతాను.”

“ఇవాళ ఆదివారం నాన్నా.”

“అయితే ఏం? దింపుతానన్నానా, దింపుతాను!”