పసుపు చీరావిడ

ఆ కుర్చీలో మాత్రం కూర్చోకండి అయ్యగారూ. అది కంప్యూటర్ కుర్చీ. అందులో కూర్చున్న మగాళ్ళకి ఈ మధ్య మంచి పేరు దక్కట్లేదు మా ఇంట్లో. ఇటు ఫ్యాను కిందకి రండి. ఈ సోఫా మీద ఇంకా ఏ నిందా పడలేదు.

మాస్టారు లేరండీ. బీపీ బిళ్ళల కోసం మెడికల్ షాపుకెళ్ళారు. ఎప్పట్నుంచా? కోత పండగ నాటి నుంచే. సర్వీసంతా బడిపిల్లల మీద అరిచినా రాని బీపీ, రిటైరై దేవుడి పనిలో పడ్డాక వచ్చింది.

ప్రార్థన చేసి వెళ్దామని వచ్చారా? చేద్దురుగాని. టీ పెట్టా, ముందు తాగండి. కానీ దేని గురించి చేస్తారో చెప్తే నేను కూడా ఆమెన్ అనడానికి తయారుగా ఉంటా. మా ఇశ్రాయేలు మాస్టారి కళ్ళు శుద్ధి కావాలనా?

మీ ఫోనేదో టింగుమంది. చూసుకోండి. పర్లేదా? సరే.

నేను మొదట్నుంచీ చెప్తానండీ. మాకు తెలిసిందేగా రోజారమణమ్మా అంటారు. తెలిసినంతవరకు తెలుసు. మిగతాది నా దగ్గరుంది.

మన చర్చికి దాతలెవరో ప్రొజెక్టర్ ఇచ్చారు. తెర కూడా ఇచ్చారు. కంప్యూటర్ మాత్రం ఇవ్వలేదు. కమిటీలో అందరూ పైకప్పు కేసి చూస్తంటే మా ఆయన చెయ్యెత్తారంట. ఎక్కడ ఏ పని మిగిలిపోయినా ఆ చెయ్యి దానంతటదే లేస్తదిలెండి. మా మెర్లిన్ చదువుకునేటప్పుడు కొన్నది ఇంట్లో ఉంది, నేను తెస్తానన్నారు. అమ్మాయి బెజవాడలో ఉద్యోగానికెళ్ళాక ఆ బల్ల మీద నేను ఉతికిన బట్టలు మడతేసుకునేదాన్ని. ఆ పూటతో నా బల్ల పోయింది.

ఇక ప్రతి ఆదివారం చూడాలండీ ఆ ఊరేగింపు. సీపీయూ డబ్బాని దుప్పట్లో చుట్టి, స్కూటర్ ముందు కాళ్ళ మధ్య నిలబెట్టి, గతుకొస్తే దిగి నడిపించుకుంటా తీసుకెళ్ళేవారు. వెనకాల నేను, ఒళ్ళో వైర్ల సంచీ. మా మెర్లిన్‌ని కూడా అంత భద్రంగా బడికి తీసుకెళ్ళిన పాపాన పోలేదు.

శనివారం సాయంత్రం కూర్చుని, మీరు చెప్పిన పాటలన్నీ ఒక్కో అక్షరం వెతుక్కుంటా టైపు కొట్టేవారు. తీరా ఆదివారం మైకు పట్టుకోగానే మీకు ప్రేరేపణ వచ్చేది. ఆ పాట వద్దు, ఇంకోటి పాడదామనేవారు. సంఘమంతా లేచి మీతో పాడతా ఉండేది, తెర మీద మాత్రం పాత పాట. ఈయన చెమటలు కక్కుకుంటా వెతికి పట్టేసరికి మీరు ఆఖరి చరణంలో ఉండేవాళ్ళు. తప్పు పట్టట్లేదండీ. ప్రేరేపణ ముందుగా చెప్పి రాదుగా.

పోన్లే పాపం అని మీరే ఒక పాటల సైటు పంపారు, చర్చి వాట్సాప్ గ్రూపులో. ఫోన్లో నెట్టు కలుపుకుని పాట పేరు కొడితే పదాలన్నీ వచ్చేస్తాయి మాస్టారూ, నేనూ అదే వాడతాను అన్నారు. ఈయన ఆ రోజు ఇంటికొచ్చి మిమ్మల్ని ఎంత పొగిడారో. ఇక టైపు బాధ లేదు రోజా, అయ్యగారు నా కష్టం చూశారు అని.

ఆ తర్వాత మొదలైందండీ మా ఇంట్లో సంత.

ముందు కంప్యూటర్లో కుడి పక్క మూల చిన్న డబ్బా లేచేది. మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, వెంటనే ఇక్కడ నొక్కండి అని. ఈయన కంగారుగా నొక్కేవారు. నొక్కితే మోకాళ్ళ నొప్పుల నూనె. దాని వెనకాల పొట్ట కరిగించే పొడి. ఇంట్లో కూర్చుని పేకాడి కోటీశ్వరులవ్వండని ఇంకోటి. పక్కన ఇంటూ గుర్తు పెడతాడు చూశారా, అది నొక్కితే పోద్దనుకుంటాం మనం. అది నొక్కితే చుట్టాల్ని పిల్చుకొచ్చిద్ది.

ఆపడానికి మేం చెయ్యని పని లేదు. ఆపి మళ్ళీ ఆన్ చేశాం. ప్లగ్గు పీకి దుమ్ము దులిపాం. ఆయనైతే దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశారు, మధ్యలో నేను నవ్వానని మధ్యాహ్నం అన్నం తిన్లేదు. ఆఖరికి నేనే ఒక అట్టముక్క కత్తిరించి ఆ మూల టేపేసి అంటించా. అదుగో, ఇంకా అలాగే ఉంది చూడండి. ఏది లేచినా అట్ట వెనకాలే లేస్తది, మన కంట పడదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇంత తెలివి ఉన్నదాన్ని, చర్చిలో తెరకి అట్ట ఎవరంటిస్తారని మాత్రం ఆలోచించలేదు.

అక్కడా ముందు నూనే, పొడే వచ్చేవిలెండి. ఎవరూ ఏమీ అనుకోలేదు. లూర్దమ్మ పిన్నిగారైతే ఆ నూనె మన పేటలో ఎక్కడ దొరుకుద్దని మా ఆయన్నే అడిగింది.

మళ్ళీ టింగుమందండీ. మీ ఇంటి నుంచి అమ్మగారేమో. కాదా? సరే, టీ తీసుకోండి.

కోత పండగనాడు నందిగామ నుంచి, చెవిటికల్లు నుంచి సంఘాలొచ్చాయి. వేదిక ముందు గుమ్మడికాయలు, మిరపకాయల బస్తాలు, ధాన్యం కుప్పలు. మీరు కళ్ళు మూసుకుని చేతులెత్తి, మామూలుగానే పాట మార్చారు. ఈయన ఆ సైటు తెరిచారు. చరణం మధ్యలో లేచిందండీ ఆ మహాతల్లి. పసుపు చీర, జారిన పైట. మీ దగ్గర్లోనే ఒంటరిగా ఉన్నాను, మాట్లాడతారా అని రాసుంది కింద. గోడంత తెర మీద ఆ మూల డబ్బా కూడా మనిషంత ఉంటదిగా.

మీరు కళ్ళు మూసుకునే ఉన్నారు, అదృష్టవంతులు. మేమందరం చూశాం. పిల్లలైతే అది కూడా పాటే అనుకుని రాగం తీసి పాడేశారు. ఈయన గబుక్కున ఇంటూ నొక్కారు. మిగతా చుట్టాలొచ్చారు.

అప్పుడు లేచాడు మన నవీన్‌బాబు. ఇంట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, అన్నీ తెలుసు. ఎవరు ఏం చూస్తంటే వాళ్ళకి దానికి తగ్గ యాడ్సే వస్తాయని కమిటీకి వివరించాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు, చదువుకున్నది చెప్పాడు. కానీ ఆ ఒక్క మాట చాలు కదండీ ఊరికి. అది చర్చి గేటు దాటేలోపే మాస్టారు ఇంట్లో ఏం చూస్తాడో పేటంతా చూసినట్టు చెప్పుకున్నారు.

మీరేమీ అన్లేదు, నిజమే. మాస్టారికి కొన్నాళ్ళు తెర పని నుంచి విశ్రాంతి ఇద్దామన్నారు. తర్వాతి ఆదివారం వాక్యం మాత్రం కళ్ళ మీద చెప్పారు. చూపులోనే పాపముందని ఎంత బాగా చెప్పారండీ. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది, అందరూ వెనక్కి తిరిగి మా ఆయన్నే చూశారు. ముందు వరసలో కూర్చునే మనిషి ఇప్పుడు చెప్పులు విడిచే చోట కూర్చుంటన్నారు.

అది కూడా ఓర్చుకున్నానండీ. ఈయన నడిపే సండే స్కూలు సంగతి ఒక్కటే ఓర్చుకోలేకపోయా. అక్కడికొచ్చే నీహారికకి ఒంట్లో బాలేదని వాళ్ళమ్మ చెప్పింది. ఆ పిల్ల బయట సైకిల్ తొక్కుతా నాకే టాటా చెప్పింది. మిగతావాళ్ళూ అంతే, ఒకళ్ళకి పరీక్షలు, ఒకళ్ళకి జలుబు. ఈయన పొద్దున్నే వెళ్ళి చాప పరుస్తారు. బైబిలు కథల బొమ్మలన్నీ పక్కన పెట్టుకుని కూర్చుంటారు. ఎవరూ రారు. మళ్ళీ ఆయనే చాప చుట్టుకుంటారు. జీవితమంతా ఊళ్ళో పిల్లల్ని చదివించిన మనిషిని చూసి పిల్లల్ని దాచుకుంటంటే నాకు కడుపు రగిలిపోదా అండీ?

అందుకే మొన్న ఆయనకి చెప్పకుండా ఆ డబ్బాని దుప్పట్లో చుట్టి నందిగామ బస్సెక్కా. పేటలో బాగు చేయిస్తే షాపు ముందు జనం పోగవుతారని భయం. బస్సులో ఆడాళ్ళకి ఫ్రీ గదా, నన్నేమీ అనకుండా ఆ కండక్టరు ఒళ్ళో దుప్పటి కేసి అనుమానంగా చూశాడు. ఇది కూడా ఆడదే బాబూ, దీనివల్లే మా ఇంట్లో గొడవంతా అన్నా. నవ్వి వదిలేశాడు.

అక్కడ క్రాంతికుమార్ అని మా చెల్లెలికి తెలిసిన అబ్బాయి, కంప్యూటర్ షాపు. వాడికి జరిగిందంతా చెప్పి, మీ సైటు కూడా నా ఫోన్లోంచి చూపించా. మీ సైటంటే మీరు పంపిన సైటని. వాడు మన డబ్బా ముట్టుకోనే లేదు. వాడి షాపులో కొత్త కంప్యూటర్ ఉంటే, అందులో తెరిచాడు. పాట రాకముందే అడిగిందండీ, మీరు రోబో కాకపోతే అల్లో అనే బటన్ నొక్కండి అని. వాడు నొక్కాడు. నాకు తెప్పించిన టీ ఇంకా బల్ల మీదకి రాలేదు, ఆవిడొచ్చేసింది. అదే పసుపు చీర. అదే పైట. వాడి కొత్త కంప్యూటర్ ఏం పాపం చూసిందని వచ్చిందండీ?

అల్లో అన్నామంటే ఇంట్లోకి రమ్మన్నట్టే ఆంటీ, ఇక అడక్కుండా వస్తానే ఉంటారు, ఎవరేం చూశారన్న పట్టింపు వాళ్ళకి లేదు అన్నాడు. ఇంతకీ ఈ సైటు ఎవరిచ్చారని అడిగాడు. తెలిసినవాళ్ళే బాబూ అన్నా. మీ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చి ఈయన్ని అడిగా, ముక్కూ మొహం తెలియనివాళ్ళు అల్లో అంటే ఎలా నొక్కారండీ అని. మరి నేను మనిషినేగా రోజా అన్నారు. పైగా అయ్యగారు పంపింది, అడిగితే కాదంటామా అన్నారు. మీరు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా మూత తీసి వాసన కూడా చూడకుండా తలకి రాసుకునే మనిషి. ఆయనకి అల్లో తప్ప ఇంకో బటన్ కనపడుద్దా?

ఇంకేం, ఆదివారం అందరి ముందూ చెప్పేద్దాం పదండన్నా. నేనే సాక్ష్యం చెప్తానన్నా. ఆయన లేచెళ్ళి వీధి తలుపేసొచ్చారు. తర్వాత అన్నారు, "అయ్యగారి పేరెత్తకు రోజా. నన్నంటే ఒక ముసలాడు చెడ్డాడనుకుంటారు. ఆయన్నంటే చర్చే చెదిరిపోద్ది."

ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నారు. నేనెవరికీ చెప్పలేదు. మీకే చెప్తన్నా.

అదుగో, మళ్ళీ. ఇందాకట్నుంచి అది మోగడం, మీరు జేబు మీద చెయ్యేసి నొక్కుకోవడం. తియ్యండి అయ్యగారూ. నేను చూడన్లెండి, అటు తిరుగుతా.

పసుపు చీరేనా?

మళ్ళీ జేబులో పెట్టేస్తారేం? నాకు అనుమానం మీరొచ్చి కూర్చున్నప్పుడే వచ్చింది. ఆ సైటు మీరూ వాడతానన్నారుగా. రోబో కాదని మీరూ ఒప్పుకునే ఉంటారు. కంగారు పడకండి, మీరేం చూస్తారని నేనడగను. కావాలంటే నవీన్‌బాబుని పిలుద్దామా? ఎవరు ఏం చూస్తే అవే వస్తాయని మీకు కూడా వివరంగా చెప్తాడు.

వద్దా. సరే, ఇటివ్వండి ఫోను, ఆపేస్తా. నేర్చుకునే వచ్చా. సెట్టింగుల్లోకెళ్ళి, నోటిఫికేషన్లలోకెళ్ళి, ఆ సైటు పేరు మీద నొక్కి అనుమతి తీసెయ్యడమే. ఇదిగో, అయిపోయింది. ఇక మోగదు. మందిరంలో ధైర్యంగా జేబులో పెట్టుకోండి.

మా కంప్యూటర్లో కూడా ఆపేశానండీ, అట్టముక్క ఊరికే ఉంచా. అంత తేలిక పని అది. ఈయన మీద లేచిన మాట ఆపడం మాత్రం నా చేతిలో లేదు. మైకు మీ చేతిలో ఉంది. పాటలు మార్చినట్టే ఒక్క ఆదివారం ఆ మాట కూడా మార్చగలరేమో, ప్రేరేపణ వస్తే.

స్కూటర్ చప్పుడు. వచ్చారు. నేను మీకేం చెప్పలేదు, మీరేం వినలేదు. ఆ చెమట తుడుచుకోండి ముందు.

ఏమండీ, చెప్పులు అక్కడే విడిచి లోపలికి రండి. అయ్యగారొచ్చారు. మీ కళ్ళ కోసం ప్రార్థన చేస్తారంట.