వాకిట్లో నీళ్లు

బంగారుపాళ్యం దగ్గర మామిడితోపులో పూత మీద మంచు ఇంకా కరగలేదు. మూడు హత్యల కేసులో జైల్లో ఉన్నవాడి తల్లితో మాట్లాడడానికి తిరుపతి నుంచి ఒక సైకాలజిస్టు వచ్చింది.

"చిన్నప్పుడు కుక్కల్నీ పిల్లుల్నీ హింసించేవాడా అమ్మా?"

"లేదు పాపా. చీమలు పోతావుంటే తొక్కకుండా పక్కకు జరిగి నడిచేవాడు."

"కోపం ఎక్కువా?"

"గట్టిగా మాట్లాడేవాడే కాదు. ఊర్లో ఎవురు పోయినా ముందు పోయి పాడె మోసేది వాడే. వాడొచ్చేసరికి నేను వాకిట్లో నీళ్లు పెట్టేదాన్ని. బయటే తలకు పోసుకుని లోపలికొచ్చేవాడు."

"మీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?"

"ఒకనాడు పొద్దుగూకే యాళ తోపులోంచి మెల్లిగా నడిచొచ్చినాడు, కల్లో నడిచినట్ల. వాకిట్లో నీళ్లు పెట్టమన్నాడు. ఎవురు పోయినారు నాయనా అన్నాను. తెల్లారితే తెలుస్తాదిలేమ్మా అన్నాడు."

"తెల్లారాక?"

"పక్క ఈదిలో ఆమె చెరుకుతోటలో చచ్చి పడుండాదన్నారు. ఆమె పాడె కూడా వాడే మోసినాడు. మళ్లా నీళ్లు పెట్టినాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరు, అట్లనే."

"బెయిలు ఇస్తే ఇంటికే వస్తాడు కదమ్మా. మళ్లీ చేస్తాడా లేదా అని కోర్టుకు నేను చెప్పాలి. మీకేమనిపిస్తుంది?"

"దినామూ కల్లోకొస్తాడు పాపా. ఇట్లనే మంచు, ఇదే పూత వాసన. వాకిట్లో నిలబడి నీళ్లు పెట్టమ్మా అంటాడు. ఎవురు పోయినారు నాయనా అని అడుగుతాను."

"ఏమంటాడు?"

"తెల్లారితే ఊరందరికీ తెలుస్తాదిలేమ్మా, నీకు తప్ప అంటాడు."