మామ్మని ఎవరూ పిలవలేదు

ఏవిటీ, చేతులు చల్లగా ఉన్నాయా? ఎవరివే? ఆవిరి గూట్లో చల్లటి చేతులేవిటే పిచ్చిదానా, లోపల రాళ్ళు ఎర్రగా కాలి ఉంటే! మీ అమ్మవే అయ్యుంటాయిలే. నీళ్ళ కుండలో చెయ్యి ముంచి అలాగే నిన్ను పట్టుకునుంటుంది, ఫెలీపా పని ఎప్పుడూ అంతే. నువ్వు ముందు ఆ దుప్పటి మెడదాకా లాక్కో. పచ్చి బాలింతవి. ఆ సిటీ ఆస్పత్రిలో నీకు ఐసు వేసిన పళ్ళరసం తాగించారని మీ నాన్న చెప్తే నెత్తి బాదుకున్నాను. ఇంక పాలు పడమంటే ఎలా పడతాయి? పిల్ల చూడు, ఏడ్చేడ్చి గొంతు కూడా పోయింది పాపం. అందుకే వాడితో గట్టిగా చెప్పాను, దాన్ని పిల్లతో సహా కొండమీదికి తెచ్చి నా దగ్గర పడెయ్యరా, మన గూట్లో ఆవిరి స్నానాలు చేయిస్తాను, మళ్ళీ మనిషవుతుంది అని. నా మోకాళ్ళు సహకరిస్తే నేనే పాక్కుంటూ లోపలికి వచ్చేదాన్ని. ఏం చేస్తాం, గుమ్మం దగ్గర కూర్చుని ఆకులందించడానికే పనికొస్తున్నా.

ఆఁ, ఇంకో మాట, మళ్ళీ మర్చిపోతాను. పొద్దున మొక్కజొన్న రొట్టెలు తెచ్చిన పెద్దావిడని పట్టుకుని "మీ పేరేంటండీ" అని అడిగావట! వీధి వీధంతా నవ్వుతోంది. పెద్దవాళ్ళని పేరడుగుతారుటే? అవ్వ అంటాం, అత్త అంటాం, సరిపోతుంది. పేరు ఇంట్లోవాళ్ళ నోట్లో ఉండాలి గానీ బజార్న పడకూడదు. నన్ను చూడు, మీ నాన్న పేరు పెట్టి హసింతో వాళ్ళమ్మ అంటారు తప్ప ఇంకో పేరుందని ఎవరికైనా తెలుసా? నవ్వకు. ఈ పేర్ల గొడవే మా మామ్మని ముంచేసింది.

మామ్మంటే నా మామ్మ కాదే, మంత్రసాని మామ్మ. నువ్వెరగవు. మీ నాన్న ఇంకా బోర్లా పడకముందే పోయింది. కొండ అవతల ఊరినించి కోడలిగా వచ్చిందట. మొగుడు కాఫీ తోటలకి కూలికెళ్ళి అక్కడే జ్వరమొచ్చి పోయాడు. పిల్లా జెల్లా లేరు, అత్తామామా లేరు. ఊళ్ళో సగంమందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడే. నోరు మాత్రం, అబ్బో! పురిటి నొప్పుల్లో నేను గట్టిగా అరిస్తే "కొండ మీద మేకలు బెదిరిపోతున్నాయే, కాస్త తగ్గించు" అంది. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. కానీ బాలింత దగ్గరికొచ్చేసరికి వేరే మనిషి. తనూ గూట్లోకి పాక్కుంటూ వచ్చేది, రాళ్ళ మీద నీళ్ళు చల్లి, ఆకుల కట్టతో ఆవిరిని ఒంటిమీదికి తోసేది, పొత్తికడుపు పిసికి అన్నీ మళ్ళీ వాటి చోటికి పంపేది. చివర్న నడికట్టు. ఆ ముడి ఆవిడకే వచ్చు. ఎడమ పక్కకి లాగి, మెలి తిప్పి, మళ్ళీ మెలి తిప్పి, కొస లోపలికి దోపేది. ఇక నువ్వు దొర్లినా ఊడదు. నేర్పు మామ్మా అంటే, "నేర్పితే నన్నెవరు పిలుస్తారే" అనేది.

పిలవడమంటే గుర్తొచ్చింది. ఇందాక నువ్వు బయటికొచ్చాక నేను గూటి నోటి దగ్గర నేలమీద ఆకులు కొట్టి నీ పేరు పెట్టి పిలిచానే, పిల్ల పేరు పెట్టి పిలిచానే, నువ్వు కిసుక్కున నవ్వావు, చూశాను. నవ్వే పని కాదమ్మడూ. ఆ చీకటికి, ఆ వేడికి ఒళ్ళు వదులైపోతుంది. ప్రాణం జారి ఆ మూల చతికిలపడుతుంది. ఒళ్ళొక్కటే పాక్కుంటూ బయటికొచ్చేస్తుంది. అందుకని "రా తల్లీ, ఇంటికి పోదాం, అక్కడ ఉండిపోకు" అని పేరు పెట్టి పిలవాలి. ఊళ్ళో అందరినీ అలా పిలిచింది మామ్మే.

మీ నాన్న దగ్గర ఏమైందంటే, వాడికింకా పేరు పెట్టలేదు. మా మామగారు హసింతో అంటారు, మా అత్తేమో కాదు, తన తండ్రి పేరు పెట్టాలంటుంది. ఇద్దరూ మొండివాళ్ళే. పేరు తేలకుండానే మొదటి స్నానం అయిపోయింది. మామ్మ నన్ను నా పేరుతో పిలిచి, వాణ్ణి "బాబూ, రా బాబూ" అని పిలిచింది. బాబూ అంటే ఎవడొస్తాడే? ఊరినిండా బాబులే. ఇంట్లోకొచ్చాక చూస్తే పిల్లాడు పాలు తాగడు. ఏడవడు. కళ్ళు తెరిచి పైకప్పు కేసి చూస్తున్నాడు, రెప్ప వెయ్యడు. గోళ్ళు నల్లబడుతున్నాయి. మామ్మ వాడి గుండె మీద చెవి పెట్టి విని, "వీడు ఇక్కడ లేడే, గూట్లో ఉండిపోయాడు" అంది. తొలిచూలు పిల్లాడు, నా ఒళ్ళోనే ఉన్నాడు, కానీ లేడు.

మామ్మ వాడి బట్ట ముక్క భుజాన వేసుకుని ఒక్కతే మళ్ళీ లోపలికి పాకింది. గూట్లోకి ఒంటరిగా ఎవరూ పోరు. అయినా పోయింది. నేను ఇదిగో, ఇప్పుడు నువ్వు పడుకున్న చోటే వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వింటున్నాను. మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది. లోపల మామ్మ ఏదో పాడుతోంది. ఆ పాట మధ్యలో పసిపిల్ల నవ్వు. అవునే, నవ్వు! నిన్న మొన్న పుట్టిన గుడ్డు కిలకిలా ఎక్కడైనా నవ్వుతుందా? ఒళ్ళో వాడేమో కదలడం లేదు. ఇంతలో లోపల్నించి కేకేసింది, "పేరు చెప్పి చావండ్రా! ఉత్తినే రానంటున్నాడు!" అని. మా మామగారు "హసింతో" అన్నారు. మా అత్త కూడా సరే, అదే పిలవండి అంది. మామ్మ పిలిచింది. పిలిచిందో లేదో, నా ఒళ్ళో వీడు కెవ్వుమన్నాడు. రొమ్ము అందిస్తే అంటుకుపోయాడు, నొప్పికి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంక చూడు, మా అత్త ఏడుపు, మామగారి కేకలు, ఇరుగుపొరుగు అందరూ నా మంచం చుట్టూ మూగారు. గూటి నోటి దగ్గర ఒక్క పురుగు లేదు. మామ్మ తనంతట తానే పాక్కుంటూ వచ్చి, చేతులు తుడుచుకుని, ఆ మూల పీట మీద కూర్చుంది.

సాయంత్రానికి మా అత్తకి గుర్తొచ్చి గుండెలు బాదుకుంది, "అయ్యో, ఆవిణ్ణెవరూ పిలవలేదర్రా!" అని. పరిగెత్తి ఆకులు కొట్టి "మామ్మా, రా మామ్మా" అని పిలిచింది. మామ్మ అంటే ఏ మామ్మ? ఊరందరికీ తలా ఒక మామ్మ. చివరికి సిగ్గు విడిచి, "మామ్మా, మీ పేరేవిటి" అని అడిగేసింది. ఆవిడ "నా పేరా? అక్కడే ఉండిపోయినట్టుందే" అంది. ఎంత మామూలుగా అందనుకున్నావు, ఆకుల కట్ట మర్చిపోయొచ్చినట్టు!

తర్వాత కూడా పురుళ్ళకి వచ్చేది, కానీ పొయ్యి పక్కన కూర్చున్నా చేతులు కాగేవి కావు. జావలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు. తన కుక్కే తనని చూసి మొరిగేది. మీ తాత కొండ అవతలికెళ్ళి ఇల్లిల్లూ తిరిగి ఆవిడ పేరు అడిగాడు. ఆవిడని ఎరిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఓ రోజు పొద్దున చూస్తే మన గూటి గోడకి చెవి ఆనించుకుని కూర్చునే పోయింది. గూడు కూలగొట్టేద్దామన్నాడు మీ తాత. మా అత్త అడ్డం పడింది, "కూలగొడితే లోపలున్న మనిషి ఎక్కడికి పోతుందిరా?" అని. నేను మాత్రం ఇన్నేళ్ళూ ఎప్పుడు గూడు వెలిగించినా, నాకు తెలిసిన ఆడపేర్లన్నీ పిలుస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు. పీక ఎండిపోవడమే.

ఏదీ, పిల్లని ఇలా ఇయ్యి. తిరుగు, నడికట్టు బిగుతుగా ఉందో లేదో... ఉండు. ఉండు, కదలకు. ఇది ఎవరు కట్టారే? మీ అమ్మా? మీ అమ్మకి చెప్పుల తాడే సరిగా కట్టుకోవడం రాదు, ఈ ముడి ఎక్కణ్ణించొచ్చింది? ఏవిటీ? అమ్మ పిల్లని తీసుకుని ముందే బయటికి వచ్చేసిందా, నేను ఆకులకి పెరట్లోకి వెళ్ళినప్పుడు? మరి లోపల నీతో... పెద్దావిడా? చల్లటి చేతులావిడా? అయ్యో తల్లీ, నువ్వేం చేశావు అప్పుడు?

అడిగావా? ఆవిణ్ణి కూడా పేరు అడిగావా?

మళ్ళీ చెప్పు. నెమ్మదిగా.

బెర్నబేలా.

నా కర్ర ఏది? అది కాదు, ఆ ఆకుల కట్ట ఇటియ్యి. పిల్లని గట్టిగా పట్టుకో, లేవకు. ఫెలీపా! ఒసేయ్ ఫెలీపా! ఆ పీట పొయ్యి దగ్గరికి జరుపు. ఇంకో గిన్నెలో జావ పొయ్యి, వేడివేడిగా, ఉప్పెయ్యి.