నీరుగంటి గంగులప్ప గడియ తప్పిన నాడు

నీరుగంటి గంగులప్ప అని ఒకడుండెనంట. నీరుగంటి అంటే తెలుసు కదా, చెరువు తూము కాడ కూచోని ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారల్లనో చూసేవాడు. ఇప్పటి మాదిరి చేతికి గడియారాలు ఆ కాలంలో యాడివి? ఒక పెద్ద బాన నిండా నీళ్ళు, దాంట్లో తేలేసిన ఒక రాగి గిన్నె. గిన్నె అడుగున సూది మొనంత బెజ్జం. ఆ బెజ్జంలోంచి నీళ్ళు ఎక్కి ఎక్కి గిన్నె బుడుక్కుమని మునిగిందంటే ఒక గడియ అయినట్టు. ఇప్పటి లెక్కకి అరగంటకి రోంత తక్కువ అనుకో. మునగంగానే గంట మీద ఒక దెబ్బ కొట్టల్ల, గిన్నె తీసి నీళ్ళు వంపి మళ్ళా తేలెయ్యల్ల. పొద్దు పుట్టినప్పుడు మొదలుపెడితే పొద్దు గుంకేసరికి ముప్పై దెబ్బలు. ఆ గంట విని రైతులు ఎవురి వంతుకి వాళ్ళు కాలవకి గండి కొట్టి నీళ్ళు మడికి మళ్ళించుకుంటారు. ఊరి పెద్ద కొండారెడ్డికి భూమి ఎక్కువ, ఆయనకి దినమూ ఆరు గడియలు. తక్కినోళ్ళకి ఎనిమిది దినాలకి ఒకతూరి, కొందరికి మూడు గడియలు, కొందరికి నాలుగు. కాలవ చిట్టచివర బయమ్మ అనే ముసిలామె ఉండె, మొగుడు పోయినామె, ఆమెకి రెండే రెండు గడియలు. పొద్దు గుంకితే తూము మూసేస్తారు. వంతు తప్పినోళ్ళు మళ్ళా ఎనిమిది దినాలు కాచుకోవల్లిసిందే. అదీ కట్టుబాటు.

గంగులప్ప వాళ్ళ నాయన కాలంలో ఈ పనికి ముగ్గురుండేవాళ్ళంట. నాయన చచ్చిపోయె, చిన్నాయనకి చూపు పోయె, తమ్ముడు ఇల్లరికం పోయె. ఇంగ మిగిలింది ఈయప్ప ఒక్కడు. కొండారెడ్డి పిలిచి, "ఒరే గంగులా, ముప్పై గడియలు ఒక్కడివే ఎట్లా కాస్తావురా, ఎవురినన్నా తోడు పెట్టుకో" అనినాడంట. ఈయప్పకి రోషం వచ్చె. "ఇంగొకరి చేతిలో పెడితే గడియ గడియగా ఉంటాదా రెడ్డీ? నా చేతి గడియే గడియ" అనె. ఆ పొద్దుటి నుంచి ఒక్కడే. పోనీ, కాచేవాడు ఊరికే కాస్తాడా అంటే, అదీ లేదు. ఒక దెబ్బకీ ఇంగో దెబ్బకీ నడుమ ఉత్తగా కూచుంటే ఆయప్పకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేదంట. ఒక గడియలో కిత్తనార పేని తాడు వేస్తాడు, ఒక గడియలో ఆవుకి గడ్డి కోస్తాడు, ఒక గడియలో కట్ట మీద కంపలు కొడతాడు, గిన్నె మునిగే టయానికి పరిగెత్తుకొని వస్తాడు. పొద్దు పుట్టకముందే కాలవలో పూడు తీస్తాడు, తూము మూసినాక సొంత మడిలో కలుపు తీస్తాడు. సద్ది నిలబడే తాగుతాడు. ఎవురన్నా, "గంగులప్పా, రోంత కూచో, ఆకు వక్క వేసుకుందాం" అంటే, "గడియ పోతాదప్పా" అంటాడు. ఊర్లో ఆడోళ్ళంతా మొగుళ్ళకి ఈయప్పని చూపించి, చూడండి మనిషంటే అట్లుండల్ల అనేవాళ్ళంట, ఆయప్ప పెండ్లాం అక్కులమ్మ తప్ప. ఆమె ఎందుకంటాది?

ఎందుకంటే, ఈయప్ప ఏం చేసినాడో తెలుసా? ఒకనాడు టెంకాయ చిప్పకి బెజ్జం వేసి ఇంటికి తెచ్చినాడు. కూజా నోరు కొట్టేసి దాంట్లో నీళ్ళు పోసి, చిప్ప తేలేసి, "ఇదిగోమే, ఈ చిప్ప మునిగే లోపల రెండు సేర్లు రాగులు విసరల్ల. మళ్ళా మునిగే లోపల సంగటి దించల్ల. మళ్ళా మునిగే లోపల పాపకి నీళ్ళు పోసి, ఇల్లు అలికి, దూడని కట్టెయ్యల్ల" అనె. అక్కులమ్మ చిప్పని చూసె, మొగుణ్ణి చూసె. "నేను పుట్టినకాడి నుంచి విసురుతాండా కదయ్యా, ఏ పొద్దన్నా నీకు సంగటి లేకుండా పోయిందా?" అనిందంట. "పోలేదు. కానీ నువ్వు పాడతా విసురుతావు. పాట ఆపితే ఇంగో అరసేరు ఆడతాది" అన్నాడు. నవ్వండి, నవ్వండి, చెనిక్కాయలు ఒలిచే చేతులు మటుకు ఆపొద్దండి. ఆయప్ప నవ్వులాటకి అనలేదు, నిజంగానే అన్నాడు. సరేలే అని ఆమె పాట ఆపేసింది. అయితే అక్కులమ్మ కూడా తక్కువదేం కాదు. మొగుడు అట్లా కట్టెక్కంగానే రోంత రాగిపిండి తడిపి చిప్ప బెజ్జానికి మెత్తేది. చిప్ప మునగనే మునగదు, తేల్తానే ఉంటాది. ఆయప్ప మధ్యలో ఒకతూరి ఇంటికి వచ్చి చూసి, "చూసినావా, చిప్ప ఇంగా ఒకతూరి కూడా మునగలేదు, అప్పుడే పనంతా అయిపాయె" అని మురిసిపోయినాడంట.

వాళ్ళకి ఒక బిడ్డ, అంజినమ్మ, మూడేండ్లది. అది లేచేసరికి నాయన ఇంట్లో ఉండడు, నాయన వచ్చేసరికి అది నిద్రపోయి ఉంటాది. ఊర్లో పిలకాయలంతా గంగులప్పని గంటాయన గంటాయన అంటారు కదా, దీనికీ ఆ పేరే తెలుసు. ఒక పొద్దు ఆయప్ప కొడవలి మర్చిపోయి ఇంటికి వస్తే, వాకిట్లో ఆడుకుంటాండే బిడ్డ లోపలికి పరిగెత్తి, "అమ్మా, గంటాయన వచ్చినాడు!" అనిందంట. గంగులప్పకి ఆ మాట గుండెలో ముల్లు దిగినట్టు దిగె. దిగె, కానీ ఏం చేస్తాడు, అప్పటికే గిన్నె సగం మునిగి ఉంటాది. కొడవలి తీసుకొని పాయె.

ఇట్లుండగా ఏమైందంటే, ఆ యేడు వాన మొగం చాటేసె. చెరువు అడుక్కి వచ్చె. నీళ్ళు తగ్గేకొద్దీ గడియల మీద కొట్లాటలు ఎక్కువాయె. ఒకరు గట్టు మీద నిలబడి వేళ్ళు మడుస్తా ఉంటారు, ఒకరు నీడ కొలుస్తా ఉంటారు. గంగులప్పకి అప్పటికి రెండు దినాలుగా ఒళ్ళు కాలతాండె, కండ్లు మండతాండె. అయినా ఎవురికీ చెప్పలే. ఆ దినం మద్దేనం కొండారెడ్డి వంతు నడుస్తాంది. ఐదో దెబ్బ కొట్టినాడు, ఇంగొక దెబ్బ కొడితే రెడ్డి వంతు అయిపోయె. గిన్నె తేలేసి, తాడు పేనుతా పేనుతా కానుగ చెట్టు మానుకి ఈపు ఆనించినాడు. ఒక్క చిటికెడు సేపు, గిన్నె మునిగితే బుడుక్కుమంటాది కదా, లేస్తాలే అనుకున్నాడు. గిన్నె మునిగింది, బుడుక్కుమనింది. ఆయప్ప లేయలేదు. చేతిలో నార చేతిలోనే ఉండాది, నోరు తెరుచుకొని నిద్రపోయినాడు. ఎన్ని ఏండ్ల నిద్రో పాపం. మెలకువ వచ్చి చూస్తే చెట్టు నీడ ఈపక్క నుంచి ఆపక్కకి పోయింది. గిన్నె బాన అడుగున పడుకోనుంది. గంగులప్ప దిగ్గున లేచె. అటు చూసె, ఇటు చూసె. మద్దేనం ఎండకి అందరూ నీడకి పోయినట్టుంది, కట్ట మీద ఎవురూ లేరు. ఎవురికి తెలుస్తాదిలే అనుకొని, అప్పుడే మునిగినట్టుగా ఆరో దెబ్బ కొట్టేసినాడు.

గంట కొట్టినాక రెడ్డి మనుషులు గండి పూడ్చినారు, ఎనకోళ్ళు నీళ్ళు మళ్ళించుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు, అందరి గడియలూ సరిగ్గా ఇచ్చినాడు, ఒక్క చుక్క తక్కువ లేకుండా. చివరికి బయమ్మ వంతు వచ్చేసరికి పొద్దు గుంకింది. తూము మూసేసినారు. ఆ ముసిలామె చేతిలో పార పట్టుకొని ఎండిన కాలవలో నడుస్తా నడుస్తా తూము కాడికి వచ్చె. ఆమె చేన్లో రాగి పైరు ఎన్ను తీసి పాలు పోసుకుంటాంది, ఆ పొద్దు నీళ్ళు తాగకపోతే గింజ నిలవదు. "నాయనా గంగులా, ఈ పొద్దు నీ గంట ఇరవై ఎనిమిది దెబ్బలే కొట్టింది. నేను లెక్క పెట్టుకోనుండా. నా రెండూ యాడికి పాయె?" అనె.  అప్పుడు గంగులప్ప ఏమన్నాడు? "ముప్పై కొట్టినా పెద్దమ్మా. నీకు వయసైపాయె, చెవులు ఇనపడేటట్టు లేవు" అనినాడంట.  బయమ్మ ఆయప్ప మొగం దిక్కు ఒకతూరి చూసి, పార భుజాన వేసుకొని ఎట్లా వచ్చిందో అట్లా పాయె.

గంగులప్ప ఇంటికి వచ్చి సంగటి ముందర కూచునె. అక్కులమ్మ నుదురు పట్టి చూసి, "ఇదేంది, ఒళ్ళు పెనం మాదిరి కాలతాంది" అనె. అప్పుడు చెప్పేసినాడు, నిద్రపోయిందీ, దెబ్బ కొట్టిందీ, బయమ్మ వచ్చిందీ, అంతా. అక్కులమ్మ వినె. తర్వాత, "నిద్రపోయినందుకు నేనేం అననయ్యా. మనిషి పుట్టుక పుట్టినాక నిద్ర రాకుండా ఉంటాదా? కానీ బాగుండే చెవుల్ని చెవుడని అన్నావు చూడు, అది పొయ్యి చెప్పుకోవల్ల, అందరి ముందరా" అనిందంట. గంగులప్ప తల వంచుకొని, "చెప్తే నన్ను తూము కాడికి రానిస్తారా?" అన్నాడు. "రానీకపోతే మానె. తాళ్ళు పేనుకుందాం" అనె. మళ్ళా ఏమనుకునిందో ఏమో, "అంతా చెప్పినావు కాబట్టి నేనూ ఒకటి చెప్పల్ల. ఆ టెంకాయ చిప్ప బెజ్జానికి దినమూ పిండి మెత్తతాండా" అనింది. గంగులప్ప నోరు తెరిచినాడు. తిట్టల్లని తెరిచినాడో ఏమో, నవ్వొచ్చింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, ఆనక కండ్లెంబడి నీళ్ళు వచ్చినాయంట.

తెల్లారి వంతులు చెప్పుకునేదానికి రైతులంతా తూము కాడ చేరినారు. గంగులప్ప గంట ముట్టుకోలే. అందరి ముందరా నిలబడి, "నిన్న నేను నిద్రపోయినా. రెండు గడియలు పోయినాయి. పెద్దమ్మ లెక్కే నిజం, నేను అబద్దమాడినా" అనినాడు. ఇంగ చూడు, ఒకటే గోల. తీసెయ్యండి వీణ్ణి అని ఒకడు, మా వంతుల్లో ఎన్నిసార్లు నిద్రపోయినాడో అని ఇంగొకడు. అందరికంటే గట్టిగా కొండారెడ్డి, "మొదుట్లోనే చెప్పినా కదరా, తోడు పెట్టుకోమని! ఊరి నీళ్ళతో ఆటలాడతావా?" అని అరస్తాండె. అప్పుడు బయమ్మ ముందరికి వచ్చె. పెద్దగా ఏమీ అరవలే. "కొండారెడ్డీ, ఆ రెండు గడియలూ నీళ్ళు నీ మడికే కదా పారింది? గట్టు మీద నువ్వే నిలబడి ఉంటివి. గట్టు పొర్లి పక్క చేన్లోకి పోయిన తడి ఇప్పుటికీ ఆరలేదు. వాడంటే నిద్రపోయినాడు. నువ్వు మేలుకోనే ఉంటివి కదప్పా" అనింది.

అంతే.  రెడ్డి కండువా ఒక భుజం నుంచి ఇంగో భుజానికి మార్చుకున్నాడు. కాసేపటికి, "ఈ పొద్దు నా వంతులో మొదుటి రెండు గడియలు బయమ్మకి పారించండి" అని, అట్లా తిరుక్కున్నాడు. మరి గంగులప్ప సంగతేంది అని ఎవురో అంటే, బిడ్డని సంకనేసుకొని ఎనక నిలబడిన అక్కులమ్మ, "పొద్దున పది గడియలు నేను కాస్తా" అనిందంట. ఆడది తూము కాడ గంట కొట్టేదేంది అని మొగోళ్ళు గొణిగినారు. "ఆమె కొడితే మోగనంటాదా ఏంది ఆ గంట?" అనె బయమ్మ. "మాపటేళ పది గడియలు నేను కాస్తా. చివరి మడి నాది. నాకంటే బాగా మేలుకోనుండేది ఎవురో చూపించండి." నడుమ పది గంగులప్పకి. ఆయప్ప గంట కొట్టే కొయ్యని పెండ్లాం చేతికి ఇచ్చేటప్పుడు, ఇచ్చి కూడా రోంతసేపు ఒక పక్క పట్టుకోనే ఉన్నాడంట. అక్కులమ్మ మెల్లగా లాక్కునింది.

జొరం తగ్గినాక మొదుటి దినం పొద్దున ఇంట్లో ఉండల్ల కదా, ఆయప్పకి ఏం చేయల్లనో తెలీలే. దూరం నుంచి గంట దెబ్బ ఇనపడింది. తన గంటని అంత దూరం నుంచి ఆయప్ప ఎప్పుడూ ఇనలేదు. అంత తియ్యగా మోగుతాదని తెలీదు. రెండో దెబ్బ ఆలస్యమైనట్టు అనిపించి పరిగెత్తుకొని పోతే, అక్కులమ్మ కట్ట మీద నుంచే చెయ్యి ఊపి, "పోవయ్యా, పొయ్యి పాపకి నీళ్ళు పొయ్యి" అని కేకేసింది. పాయె. రాగులు విసరబోతే అరసేరుకే రెక్కలు పడిపోయె. బిడ్డకి నీళ్ళు పోస్తాంటే అది ఒక కోడి కథ చెప్పింది. మా కోడి గుడ్డు పెట్టింది, ఆ గుడ్డు మీద కూచునింది, లేచింది, మళ్ళా కూచునింది, మళ్ళా లేచింది. దానికి మొదలూ లేదు చివరా లేదు. అది ఎన్ని గడియలు చెప్పిందో గంగులప్పకి తెలీదు. ఊఁ కొడతా కూచునినాడు, నీళ్ళు చల్లారిపోయినాయి.

ఇంగ వాళ్ళ సంగతి అంటారా, బయమ్మ రాగుల్లో సగం తాలు పోయింది, సగం నిలిచింది. గంగులప్ప ఇంట్లో తాళ్ళు ముందంత గుట్టగా పడలేదు. ఆయప్ప తూము కాడ ఒక్కోతూరి పేనేవాడు, ఒక్కోతూరి కొంగల్ని చూస్తా కూచునేవాడు. ఊర్లో ఇదివరకు ఆయప్పని చూపించిన ఆడోళ్ళు ఇప్పుడు చూపించడం మానేసినారు, వాళ్ళ మొగుళ్ళు బతికిపోయినారు. అక్కులమ్మ గడియ పొడుగనీ, బయమ్మ గడియ పొట్టిదనీ రైతులు మటుకు చచ్చేదాకా గొణుగుతానే ఉండిరంట. గిన్నె అదే, బెజ్జం అదే, బాన అదే. ఎవురి మడికి నీళ్ళు పారతాంటే వాళ్ళకి గడియ పొట్టిగా ఉంటాది, ఎదురు చూసేవాళ్ళకి పొడుగ్గా ఉంటాది, దానికి నీరుగంటి ఏం చేస్తాడు? నేను చెప్పింది కూడా కొందరికి పొడుగైపోయిందని మీ ఆవులింతలే చెప్తాండాయి. ఆవులించినోళ్ళు సిగ్గుపడొద్దు, పొయ్యి కాసేపు నడుం వాల్చండి. నేనూ వాలుస్తా.