కోల్మన్ వేసిన తాగుబోతు వేషం

దగ్గరికి రండర్రా, ఆ తలుపు దగ్గర గాలికి నిలబడతారేం? బెంచీ ఇటు లాక్కుని పొయ్యి పక్కన కూర్చోండి. అట్రాక్టా, ఆ తడి బూట్లు విప్పు తల్లీ. ఏమన్నావ్? నిన్న హాల్లో వేసిన సినిమాలో గుమ్మానికి కొట్టుకుని పడ్డ తాగుబోతు మన ఊరివాడేనా అనా? మన ఊరివాడేనమ్మా. కోల్మన్ మల్డూన్. ఈ బెంచీల మీదే చదువుకున్నాడు, లెక్కలు మాత్రం సున్నా. పోయి పదకొండేళ్ళయింది.

ముందు డబ్లిన్‌లో నాటకాలు, తర్వాత లండన్‌లో సినిమాలు. ముప్పై దాకా వేసుంటాడు. పెద్ద వేషాలనుకునేరు! సారా కొట్లో ఓ మూల, పెళ్ళిలో ఓ మూల, తూలుతూ రావడం, ఓ మాట అనడం, పడిపోవడం. సగం సినిమా దాకా నిలిచిన వేషం ఒక్కటీ లేదు. కానీ వాడు తూలితే లండనంతా పొట్ట పట్టుకుని నవ్వేదిట.

వాడి మొదటి సినిమా మన హాల్లో తెల్లదుప్పటి మీద వేసిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకంటారా? వాడు చిన్నప్పుడు కన్ఫర్మేషన్ పూజ నాడు చర్చిలో చుక్క ముట్టనని ఒట్టేసినవాడు. మీ అన్నల కోట్లకి ఆ ఒట్టుకి గుర్తుగా బిళ్ళ ఉంటుంది చూడండి, అదే పెట్టుకుని రైలెక్కాడు. అలాంటివాణ్ణి తెరమీద అలా చూసేసరికి, "అయ్యో, ఒట్టు మింగేశాడు! ఒట్టినే అంత బాగా తూలడం ఎవడి తరం?" అన్నారు జనం. నేనూ అన్నాను. పాఠాలు చెప్పేవాణ్ణి, నేనూ అన్నాను! మర్నాడు వాళ్ళమ్మ సబీనా వచ్చి, "మాష్టారూ, ఉత్తరం రాయండి. ఆ బిళ్ళ తిరిగి పంపమనండి. నా గడప తొక్కొద్దనండి" అంది. ఆగి ఒక్క మాట అడగొచ్చుగా నేను? అడగలేదు. చక్కటి దస్తూరీతో రాసి పడేశాను.

బిళ్ళ రాలేదు, మనిషే వచ్చాడు. ఆదివారం పూజ అయ్యాక సబీనా నాకు కబురు పెట్టింది. వెళ్ళేసరికి వాడు గడప బయటే నిలబడున్నాడు, కోటుకి బిళ్ళతో. "మాష్టారూ, గ్లాసుడు మజ్జిగ ఇప్పించండి" అన్నాడు. లోపల్నుంచి తెచ్చిచ్చాను. గటగటా తాగి, మూతి తుడుచుకుని, వాకిట్లో తూలడం మొదలెట్టాడు. కాళ్ళు మెలికపడిపోయాయి, కళ్ళు తేలిపోయాయి. వచ్చేముందే పట్టించాడనుకున్నాను. గభాల్న నిటారుగా నిలబడి నా మొహమ్మీద ఊపిరి వదిలాడు. మజ్జిగ వాసన తప్ప ఇంకేమీ లేదు!

"సబీనా, వీడు ఒట్టు తప్పలేదు!" అని అరిచాను. ఆవిడ లోపల్నుంచి కదల్లేదు. "తెలుసు మాష్టారూ. తెరమీద చూసినప్పుడే తెలుసు. అది వీడి నడక కాదు, వాళ్ళ నాన్నది. మా ఆయన ఫెస్టస్ తాగి ఎలా ఇంటికొచ్చేవాడో ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నాను. వీడు దాన్ని ఊరి మధ్య పరిచాడు. ఆ మాట మీతో రాయించలేక బిళ్ళ పేరు చెప్పాను" అంది.

వాడు గడప దాటలేదు. "అమ్మా, నేర్చుకోడానికి నాకింకెవరున్నారే? రోజూ కిటికీలోంచి చూశాను. అప్పుడు నాన్నంటే వణుకు. ఇప్పుడు ఆయనలా నడిస్తే జనం నవ్వుతున్నారు. వాళ్ళు నవ్వుతుంటే ఆయనంటే నాకు కోపం పోతోందే. అదీ మానేయమంటే మానేస్తాను" అన్నాడు.

సబీనా గుమ్మంలోకొచ్చింది. "కుడికాలు కాదురా ఈడ్చేది, ఎడమకాలు" అంది. "గేటు దగ్గర టోపీ తీసి, గేటుకే నమస్కారం పెట్టి, 'లోపలికి రావచ్చా అమ్మగారూ' అనేవాడు. అది వదిలేశావేం? ఏదీ, గేటు దగ్గర్నుంచి మళ్ళీ నడువు."

వాడు గేటు దాకా వెళ్ళి, టోపీ తీసి, నమస్కారం పెట్టి, ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆవిడ శాలువా అంచుతో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో నాకు అంతుపట్టలేదు. లోపలికి రమ్మని మాత్రం పక్కకి జరిగింది.

నేను రాసిన ఆ ఉత్తరం... ఊఁ.

ఏమిటర్రా అలా చూస్తారు నా మొహంకేసి? లేవండి. మీ అమ్మలు పొయ్యి మీంచి ఆలుగడ్డలు దింపే వేళయింది, ఇళ్ళకి పోయి తినండి.